అతుక్కి ముందు పని

రెండు లోహాలను అతకాలనగానే ఎవరైనా ముందు అడిగేది ఏ మిషను కొనాలి, ఎంత పెట్టాలి అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. అతకబోయే రెండు రేకుల మీద ఇప్పుడు ఏముంది అన్నది మొదటిది. నిన్న కూడా అదే ఉందా అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు తెలిసినవాడు మామూలు మిషనుతోనూ నిలిచే అతుకు వేస్తాడు. తెలియనివాడికి లక్షలు పోసి కొన్న మిషను కూడా ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

ఉయ్యూరులో బస్సెక్కి రోజూ బెజవాడ ఆటోనగర్‌కి పోయే ఐటీఐ కుర్రాళ్లు, ఊళ్లోనే మోటార్లకు వైండింగు కట్టే మేస్త్రీలు, బ్యాటరీ ఆటోలకు ప్యాకులు కట్టడం మొదలుపెట్టిన చిన్న షాపులవాళ్లు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. కేసీపీ చక్కెర ఫ్యాక్టరీ పెరిగిన ఊరికి వెల్డింగు కొత్తేమీ కాదు. చెరకు ఆడటం అయిపోయాక మరమ్మతుల కాలం వస్తుందని, మంచి వెల్డరు విలువ అప్పుడే తెలుస్తుందని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయితే ఆ వెల్డింగు చాలావరకు ఇనుము మీద ఇనుము. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి అల్యూమినియం మీద రాగి, రాగి మీద నికెల్. ఇనుముతో చేయి తిరిగినవాడు కూడా ఇక్కడ మళ్లీ ఓనమాలు దిద్దాల్సిందే.

సంచిలా చదునుగా ఉండే లిథియం సెల్లును చూడండి. ప్లస్ కొస అల్యూమినియం రేకు. మైనస్ కొస రాగి, లేదా నికెల్ పూత వేసిన రాగి. ఒక సెల్లు ప్లస్‌ను పక్క సెల్లు మైనస్‌తో వరసగా కలిపిన ప్రతిచోటా అల్యూమినియం, రాగి కలవక తప్పదు. 2010 డిసెంబరులో అమెరికాలో కొన్నవాళ్ల చేతికి వచ్చిన షెవర్లే వోల్ట్ కారు బ్యాటరీలో ఇలాంటి సెల్లులు 288. వాటి కొసలను అతికింది అల్ట్రాసోనిక్ వెల్డింగుతోనే. మనవైపు చూస్తే, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా సంస్థ లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఈ పని తెలిసిన చేతులకు గిరాకీ పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

పాత పేచీ

అల్యూమినియానికీ రాగికీ పడదన్న సంగతి డెల్టా రైతుకు ఎప్పటినుంచో అనుభవమే. స్తంభం నుంచి దిగే సర్వీసు వైరు అల్యూమినియం. మోటారు వైండింగు నుంచి వచ్చే తీగ రాగి. ఈ రెండూ స్టార్టరు దగ్గరో, ఫ్యూజు దగ్గరో కలుస్తాయి. నాట్లప్పుడు, కరెంటు ఉన్న ఆ కాసేపట్లో, సరిగ్గా ఆ చోటే మాడుతుంది. రైతు మోటారు కాలిందనుకుంటాడు. మేస్త్రి వచ్చి చూస్తే మోటారు బాగానే ఉంటుంది, కాలింది అతుకు.

గాలి తగలగానే అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కడుతుంది. అది కరెంటును పోనివ్వదు. బోల్టు బిగించినప్పుడు ఆ పొర అక్కడక్కడా మాత్రమే పగిలి, ఆ కొద్ది చోట్ల నుంచే కరెంటంతా దూరుతుంది. దాంతో అతుకు వేడెక్కుతుంది. వేడికి అల్యూమినియం రాగి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, బోల్టు కింద నలిగి సాగుతుంది, చల్లారాక వదులవుతుంది. వదులైన సందులో గాలి చేరి మళ్లీ పొర కడుతుంది. దీనికి తోడు తేమ. విద్యుద్రసాయన శ్రేణిలో ఈ రెండు లోహాలకూ దాదాపు రెండు వోల్టుల తేడా ఉంది. మధ్యలో ఉప్పు తగిలిన తడి చేరితే అదే చిన్న బ్యాటరీ అయి అల్యూమినియాన్ని తినేస్తుంది. బందరు సముద్రపు గాలి తగిలే ప్రాంతంలో ఆ తడికి కరువు లేదు.

అమెరికా వాళ్లు ఈ పాఠం ఇళ్లు కాలాక నేర్చుకున్నారు. 1965 నుంచి 1973 దాకా రాగి ధర భరించలేక అక్కడ చాలా ఇళ్లకు అల్యూమినియం వైరింగు చేశారు. 1972కు ముందు అలా కట్టిన ఇళ్లలో అతుకులు నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి వైరింగు ఇళ్లకంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ తేల్చింది. తీగ మధ్యలో తప్పేమీ లేదు, ఇబ్బందంతా కొసల దగ్గరే.

చేయి తిరిగిన లైన్‌మన్ల దగ్గర దీనికి మందుంది. అల్యూమినియం కొసకు ముందు కాంటాక్ట్ గ్రీజు పూసి, ఆ గ్రీజు ఉండగానే వైరు బ్రష్‌తో రుద్దుతారు. పొర ఊడినచోట గాలి తగలకుండా గ్రీజే కప్పేస్తుంది. ఆ మీదట బైమెటాలిక్ లగ్గు తొడిగి నొక్కుతారు. కొత్తగా చేరిన కుర్రాడు గ్రీజు దేనికని అడిగితే పెద్దాయన చెప్పే జవాబు ఒక్కటే. "ముందు పూసి రుద్దరా అబ్బాయ్, తర్వాత చెప్తా." "ఇందాకే గీరాను కదా బాబాయ్?" "ఇందాక గీరింది ఇందాకటికే."

ఆ చివరి మాటలో లోహశాస్త్రం చాలానే ఉంది.

మిషను లోపల జరిగేది

అల్ట్రాసోనిక్ వెల్డింగులో మంట లేదు, రాడ్డు లేదు, లోహం కరగదు. కింద కదలని దిమ్మె, అదే యాన్విల్. పైన హార్న్. మధ్యలో రెండు రేకులు. హార్న్ వాటిని గట్టిగా నొక్కి, సెకనుకు 20 వేల సార్లు అడ్డంగా అటూ ఇటూ కదులుతుంది. కొన్ని మిషన్లలో 40 వేల సార్లు. కదిలే దూరం మిలిమీటరులో వెయ్యో వంతులు ఓ పదో, యాభయ్యో. మామూలుగా సెకను లోపే పని పూర్తవుతుంది. ప్లాస్టిక్‌ను అతికే అల్ట్రాసోనిక్ మిషను పైనుంచి కిందికి కొట్టి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. లోహాల మిషను పక్కలకు రుద్దుతుంది. పాత మిషను చౌకగా దొరికిందని కొనేముందు ఈ తేడా చూసుకోండి.

1950ల్లో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఏరోప్రాజెక్ట్స్ అనే సంస్థలో ఈ పద్ధతి రూపు దిద్దుకుంది. పేటెంట్లు 1960లో వచ్చాయి. కరగకపోవడమే దీని గొప్ప. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర, రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతాయి. రెండూ కలిసిన చోట మాత్రం 548 డిగ్రీలకే ద్రవం పుడుతుంది. చల్లారాక అక్కడ మిగిలేది పెళుసు సమ్మేళనం. వంచితే విరుగుతుంది, కరెంటుకు అడ్డం పడుతుంది. కరిగించకుండా, సెకను లోపే అతికితే ఆ సమ్మేళనం పెరగడానికి వ్యవధి ఉండదు.

కరగని లోహాలు ఎలా అతుక్కుంటాయి? శుభ్రమైన లోహం శుభ్రమైన లోహాన్ని నిజంగా తాకితే చాలు, రెండువైపుల పరమాణువులూ ఒక్కటైపోతాయి. వాటిని తాకనివ్వనిది పైనున్న పొరే. హార్న్ రుద్దుడుకి రేకుల మీది ఎత్తుపల్లాలు ముందు నలుగుతాయి. అక్కడ పొర పగిలి, ముక్కలు పక్కలకు జరుగుతాయి. బయటపడ్డ కొత్త లోహం ఎదుటి కొత్త లోహాన్ని పట్టుకుంటుంది. అలా అక్కడక్కడా పుట్టిన చుక్కలు పెరిగి, ఒకదాన్నొకటి కలుపుకుని అతుకవుతాయి. పొర ముక్కలు పూర్తిగా బయటికి పోవు. కొన్ని అతుకులోనే దీవుల్లా మిగిలిపోతాయి. ఎన్ని మిగిలాయన్న దాన్నిబట్టే అతుకు బలం, అది కరెంటును మోసే తీరు.

చాలామంది తలకిందులుగా అనుకునే విషయం ఒకటుంది. గ్యాసుతోనో ఆర్కుతోనో వెల్డింగు చేసేవాడికి అల్యూమినియం మీది పొర మహా శత్రువు. అది కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి, లోపలి లోహం మాత్రం 660కే నీళ్లవుతుంది. అదే భయంతో అల్ట్రాసోనిక్‌లో కూడా అల్యూమినియమే మొండిదని అనుకుంటారు. కాదు. ముద్దపప్పు మీద అప్పడం పెట్టి నొక్కి చూడండి. పప్పు జరుగుతుంది, జరగలేని అప్పడం ముక్కలవుతుంది. ఖనిజాల గట్టిదనం చెప్పే మోస్ కొలతలో అల్యూమినియం మూడు లోపు. దాని ఆక్సైడ్ స్ఫటికమైన కురువిందం 9. రేకు మీద సహజంగా కట్టే పొర అంత స్ఫటికం కాదు, మందం కూడా రెండు నుంచి నాలుగు నానోమీటర్లే. అంటే మిలిమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండో నాలుగో. మెత్తటి లోహం మీద పెళుసు పొర కాబట్టి అది తేలిగ్గానే పగులుతుంది.

రాగి సంగతి వేరు. రాగి మోస్ కొలతలో మూడు, దాని ఎర్ర ఆక్సైడ్ మూడున్నర నుంచి నాలుగు. రెండింటి గట్టిదనం దగ్గరదగ్గరగా ఉంది కాబట్టి లోహం సాగితే పొర కూడా చాలావరకు దాంతోపాటే నడుస్తుంది. పగిలి దారివ్వదు. నికెల్, దాని ఆక్సైడ్ మధ్య తేడా కూడా అల్యూమినియంలో ఉన్నంత లేదు. అందుకే అల్యూమినియం-రాగి అతుకు పట్టడం లేదని ఎవరైనా అంటే నేను ముందు రాగి రేకు రంగు చూడమంటాను. గులాబీ రంగు పోయి గోధుమ రంగుకు తిరిగిందా, అంచున పచ్చటి చిలుము ఉందా? ఉంటే మిషను జోలికి పోనక్కర్లేదు.

సహజమైన పొరకీ, కావాలని కట్టించిన పొరకీ కూడా తేడా చూడాలి. ఆనోడైజింగ్ చేసిన అల్యూమినియం మీద పొర మైక్రాన్లలో ఉంటుంది, అంటే సహజ పొరకు వేల రెట్లు. దాన్ని మిషను రుద్ది పగలగొడుతుందిలే అనుకోవద్దు. అతికే చోట ముందే తీసేయాలి.

శుభ్రత ఒక్కటే చాలదు

"ఇది తనే రుద్దుకుని శుభ్రం చేసుకుంటుంది సార్, మీరు తుడవక్కర్లేదు" అని మిషను అమ్మేవాళ్లు చెబుతారు. అందులో సగం నిజముంది. పలచగా, అంతటా ఒకేలా ఉన్న పొరను మిషను పగలగొట్టగలదు. కానీ మిషనుకు ఒత్తిడి, కదలిక దూరం, శక్తి లేదా సమయం ముందే బిగించి పెడతాం. ఆ అంకెలు ఒకానొక రోజు, ఒకానొక రేకు మీద చేసి చూసి కుదిర్చినవి. రేకు మారితే అంకెలు అవే ఉన్నా అతుకు మారిపోతుంది.

ఎండాకాలంలో కుదిర్చిన అంకెలు శ్రావణ మాసపు ముసుర్లో ఎందుకు తప్పుతాయి? తేమ గాలిలో అల్యూమినియం పొర మీద హైడ్రాక్సైడ్ చేరి మందమవుతుంది. రాగి త్వరగా రంగు తిరుగుతుంది. కొత్త రేకు చుట్టకు రోలింగు నూనె కాస్త అంటుకుని ఉండొచ్చు, మూలన పడేసిన పాత చుట్టకు దుమ్ము. ఒక కుర్రాడు గ్లవుజు తొడుక్కుని పట్టుకుంటాడు, ఇంకొకడు బజ్జీ తిన్న చేత్తో. వీటిలో ప్రతిదీ రాపిడిని మారుస్తుంది. రాపిడి మారితే మిషను లోహానికి ఇచ్చే శక్తి మారుతుంది.

కాబట్టి అద్దంలా మెరిసే రేకు కోసం పంతం పట్టకండి. ప్రతి రేకూ ఒకే స్థితిలో మిషను కిందికి వచ్చేలా చూడండి. గీరిన మరుక్షణం అల్యూమినియం మీద మళ్లీ పొర కట్టేస్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కొత్తగా కట్టింది పలచగా, సమంగా ఉంటుంది. మనకు కావాల్సింది అదే. అందుకే గీరడానికీ అతకడానికీ మధ్య గడువు ఎంతన్నది మీ షాపులో మీరే పరీక్షించి తేల్చుకుని, గోడ మీద రాసి పెట్టండి. ఆ గడువు దాటిన రేకును ఓనరు కొడుకు తెచ్చినా మళ్లీ గీరాల్సిందే.

గీరే వరస కూడా ముఖ్యమే. ముందు నూనె తీయాలి, తర్వాతే గీరాలి. నూనె ఉండగా గీరితే అది గీతల్లోకి దిగి కూర్చుంటుంది. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది. పెట్రోలు, కిరోసిన్ చౌకే కానీ ఆరాక జిడ్డు వదులుతాయి, పైగా నిప్పు భయం. ఏ పంచె ముక్కో పట్టుకోకుండా నూగు రాలని గుడ్డ వాడండి. గీరడానికి స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్. అల్యూమినియానికి ఒకటి, రాగికి ఒకటి విడిగా పెట్టి, పిడికి రంగు వేయండి. ఎమిరి కాగితం రాగి మీద నడుస్తుంది. అల్యూమినియం మెత్తన కాబట్టి ఎమిరి గరుకు అందులో దిగబడిపోతుంది, అది పొరకంటే పెద్ద తలనొప్పి. గీరాక చివరగా మరోసారి తుడవాలి.

రంగు బాగా తిరిగిన రాగికి పలచని ఆసిడ్‌లో ముంచి తీయడం పాత పద్ధతి. బందరు పక్కన చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల పని తెలిసినవాళ్లను అడగండి. పూతకు ముందు లోహాన్ని ఆసిడ్‌లో శుభ్రం చేసి, నీళ్లలో కడిగి, చేయి తగలకుండా ఆ మీది పనికి పంపడం వాళ్లకు అలవాటైన సంగతి. ఇంజినీరింగు కాలేజీలో చెప్పేదే వాళ్లు చేత్తో చేసి చూపిస్తారు. ఆసిడ్ పనికి గ్లవుజులు, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు ఉండాలి. ఆసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు, నీళ్లలోకే ఆసిడ్ పోయాలి.

ఇంకో జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. కరెంటు నిండిన సెల్లుల పక్కన బ్రష్‌తో గీరవద్దు. రాలిన లోహపు పొడి ప్లస్, మైనస్‌ల మధ్య పడితే షార్ట్ అవుతుంది. కలిపే పట్టీలను విడిగా, వేరే బల్ల మీద శుభ్రం చేసి తెచ్చుకోండి. సెల్లు కొసను తుడవాల్సి వస్తే ఒక్కో కొసనే, రెండోది కప్పి ఉంచి, గుడ్డతో తుడవండి.

అల్ట్రాసోనిక్ మిషను ఇంకా కొనని చిన్న షాపులకూ ఇందులో పనికొచ్చేది ఉంది. అల్యూమినియం టెర్మినల్ ఉన్న పెద్ద సెల్లులకు పట్టీలు బోల్టుతో బిగించే చోట కూడా ఇదే పొర, ఇదే పేచీ. తేడా గ్రీజు దగ్గరే. బోల్టు అతుక్కి కాంటాక్ట్ గ్రీజు మేలు చేస్తుంది. అల్ట్రాసోనిక్ అతుక్కి జిడ్డు తగలనే కూడదు, రాపిడి పోతుంది.

నమ్మేముందు చింపి చూడండి

అతుకు మీద హార్న్ పళ్ల ముద్ర అందంగా పడింది కదా అని నమ్మితే మోసపోతారు. పై రేకు నలిగితే ముద్ర పడుతుంది, లోపల అతుక్కోకపోయినా పడుతుంది. పొద్దున పని మొదలెట్టగానే, చుట్ట మార్చినప్పుడల్లా ఒక నమూనా అతుకు వేసి, పక్కడతో పట్టుకుని పై రేకును ఒలవండి. అతుకు చుట్టూ రేకు చిరిగి, అతికిన ముక్క కింది రేకుకే అంటుకుని ఉంటే పని పాసు. శుభ్రంగా ఊడొచ్చి, కింద మెరుస్తున్న ముద్ర మాత్రమే మిగిలితే పొర పగల్లేదన్నమాట. ముద్ర చుట్టూ రేకు ముందే చీలి, చిల్లులు పడితే శక్తి మరీ ఎక్కువైందని అర్థం. అప్పుడు కూడా డయలు తిప్పేముందు రేకు చూడండి. మురికి రేకు మీద పట్టడం లేదని శక్తి పెంచుకుంటూ పోతే, రేపు శుభ్రమైన రేకు వచ్చినప్పుడు అదే శక్తికి చిల్లు పడుతుంది.

బలం ఒక్కటే చూస్తే చాలదు. చేత్తో లాగితే రాని అతుకు కూడా కరెంటు దగ్గర వేడెక్కవచ్చు. మైక్రో-ఓమ్ మీటరు ఒకటి కొనుక్కోండి. మిషను మీద పెట్టే డబ్బులో అది చిన్న భాగమే, చెప్పే నిజాలు మాత్రం ఎక్కువ. మిషనును శక్తి లెక్కన, అంటే ఎనర్జీ మోడ్‌లో నడుపుతుంటే తెర మీద ఇంకో అంకె గమనించండి. ప్రతి అతుక్కీ పట్టిన సమయం. ఉన్నట్టుండి అది పెరుగుతోందంటే రాపిడి తగ్గిందని, రేకుల మీద జిడ్డు చేరి ఉండొచ్చని మిషను చెబుతోంది. హార్న్ పళ్లు అరిగినా అంకెలు మారతాయి. కాబట్టి తేదీ, చుట్ట నంబరు, వాన పడిందా లేదా, గీరిన వేళ, ఒలిచిన ఫలితం, హార్న్ మార్చిన రోజు ఒక నోటుబుక్కులో రాయండి. మిషను నడపడం చాలామందికి వస్తుంది. ఈ నోటుబుక్కు రాసేవాడు తక్కువ. జీతం అడిగే రోజున మీ తరఫున మాట్లాడేది అదే.

ఇక మిషను కొనే దాకా వస్తే, అమ్మేవాడు పెట్టెలో మెరిసే నమూనా రేకులు తెచ్చుకుంటాడు. వాటి మీద ఎవరి మిషనైనా బాగానే అతుకుతుంది. మీ షాపులో వానాకాలమంతా ఉన్న అల్యూమినియం చుట్ట, మీరు కొనే దుకాణం నుంచే తెచ్చిన రాగి రేకు ముందు పెట్టండి. ఒకసారి ఉన్నవి ఉన్నట్టుగా, ఒకసారి మీ పద్ధతిలో తుడిచి గీరి, అతికించమనండి. రెండూ మీ చేత్తోనే ఒలిచి చూడండి. అందుకు ఒప్పుకోనివాడికి అడ్వాన్సు ఇవ్వకండి.